వింటేజి మోటారు వాహనాల నమోదు

భారతదేశ నియమాల ప్రకారం మొదటి నమోదు తేదీ నుండి 50 సంవత్సరాలు దాటి, తయారైన నాటి రూపంలోనే ఉన్న ద్విచక్ర లేదా నాలుగు చక్రాల వాహనాన్ని వింటేజి మోటారు వాహనం అంటారు. వీటి నమోదు కోసం కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989ను సవరించినది. అంతకు ముందు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక విధానం లేదు. పాత కార్ల అభిమానులు వింటేజి అనే మాటను 1919-1930 మధ్య తయారైన కార్లకే వాడుతుంటారు. చట్టంలోని అర్థం అంతకంటే విస్తృతమైనది.

నియమాలు

దరఖాస్తు ఫారం 20లో చేయవలెను. బీమా పత్రము, పాత నమోదు పత్రము, దిగుమతి వాహనమైతే కస్టమ్స్ పత్రము జతపరచాలి. కొత్త నమోదుకు రుసుము రూ. 20,000, తరువాతి పునర్నమోదుకు రూ. 5,000. నమోదు పది సంవత్సరాలు చెల్లుతుంది. ఇదివరకే నమోదైన వాహనం తన పాత నంబరును ఉంచుకోవచ్చును. కొత్తగా నమోదైనవాటి నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో అది 'ఏపీ వీఏ' అని మొదలవుతుంది. ఇటువంటి వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు గాని, వ్యాపారానికి గాని వాడరాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం, మరమ్మతుల కోసం మాత్రమే రోడ్డు మీదికి తీసుకురావచ్చును.

మూలరూపం, మార్పులు

ఈ నియమాలలో అన్నిటికంటే ముఖ్యమైన షరతు మూలరూపానికి సంబంధించినది. ఛాసిస్, బాడీ, ఇంజను వీటిలో దేనినైనా గణనీయంగా మార్చిన వాహనం ఎంత పాతదైనా వింటేజి కాదు. ఎంతవరకు మరమ్మతో, ఎక్కడి నుండి మార్పో తెలిపే కొలత మాత్రం నియమాలలో ఇవ్వలేదు.

సంతలో పరిస్థితి తరచుగా ఇందుకు విరుద్ధంగా ఉంటుంది. డీజిలు ఇంజను అమర్చిన పాత జీపు, ఏసీ, పవర్ స్టీరింగు, వెడల్పు చక్రాలు బిగించిన అంబాసిడర్, వెనుక భాగం కోసి కురచ చేసిన బుల్లెట్ మొదలైనవి 'క్లాసిక్' అనే పేరుతో, మూలరూపంలో ఉన్నవాటికంటే ఎక్కువ ధరకు అమ్మకానికి వస్తుంటాయి. మెరుగుకు, కొత్త యంత్రానికి చెల్లించిన ఆ అదనపు సొమ్మే వాహనాన్ని వింటేజి హోదాకు దూరం చేస్తుంది. సాధారణ నమోదులోనూ ఇబ్బంది తప్పదు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను నమోదు పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తున్నది. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పినది. అందువలన కొనేవారు రంగు కంటే ముందు ఛాసిస్, ఇంజను నంబర్లను పత్రంతో పోల్చి చూడవలెను.

ఉత్తరాంధ్ర తీరంలో

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని మూలపేట, ఉప్పు మడులకు పేరుపొందిన నౌపడ వంటి తీర గ్రామాలలో ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తుప్పు తిన్న చోట అదే ఆకారంలో రేకు అతికించడం వేరు, బాడీని పూర్తిగా మార్చివేయడం వేరు. పత్రాల చిక్కు మరొకటి. శ్రీకాకుళం జిల్లా 1950లో విశాఖపట్నం జిల్లా నుండి ఏర్పడినది. 1953 అక్టోబరు 1 వరకు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కాబట్టి అంతకు ముందరి వాహనాల మొదటి నమోదు మద్రాసు కాలపు దస్త్రాలకు చెందినది. వయసును లెక్కించేది మొదటి నమోదు నుండి కనుక ఆ పాత కాగితాన్ని పారవేయరాదు.

అంబాసిడర్ కార్ల ఉత్పత్తి 1957 నుండి 2014 వరకు సాగినది. అందువలన ఏటా మరికొన్ని 50 ఏళ్ళ గీతను దాటుతుంటాయి.

ఇతర దేశాలలో

అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య (ఫీవా) 30 సంవత్సరాల వయసును ప్రమాణంగా తీసుకుంటుంది. బ్రిటనులో 40 ఏళ్ళు దాటిన వాహనాలకు రోడ్డు పన్ను మినహాయింపు ఉన్నది. అక్కడ విస్తృతంగా మార్చిన వాహనాలకు చాలాకాలం పాయింట్ల పద్ధతి అమలులో ఉండేది: ఛాసిస్‌కు 5, ఇంజనుకు 1, ఇరుసులు, స్టీరింగు వంటివాటికి తలా 2. మొత్తం 8 పాయింట్లు రాకపోతే పాత నంబరు దక్కేది కాదు.