కండువా కింద వేళ్ల నుంచి షోరూమ్ బల్ల దాకా: కారు బేరం చరిత్ర

పదిహేడవ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు వజ్రాల గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడి బేరం తీరును చూసి ఆశ్చర్యపోయాడు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు నడుముకు కట్టిన గుడ్డ విప్పి ఇద్దరి చేతుల మీద కప్పుతారు. ఆ తర్వాత నోట మాట ఉండదు. చెయ్యి మొత్తం పట్టుకుంటే వెయ్యి, ఒక్క వేలు పట్టుకుంటే వంద, వేలు సగం వరకు నొక్కితే యాభై, కొసకణుపు నొక్కితే పది. చుట్టూ ఎందరు నిలబడి చూస్తున్నా, ఎంతకు బేరం కుదిరిందో ఆ ఇద్దరికే తెలుస్తుంది. మన పశువుల సంతల్లోనూ దళారులు తువాలు కింద వేళ్లతో బేరమాడే అలవాటు చాలాకాలం సాగింది.

ఇంత గోప్యత ఎందుకు? ధర తెలియడం ఒక బలం. ఒకడికి ఎంతకు ఇచ్చారో పక్కవాడికి తెలిస్తే అతడూ అంతకే అడుగుతాడు. నేడు ఢిల్లీలో హైబ్రిడ్ కారు కొనడానికి షోరూముకు వెళ్లినవారి ముందు కండువా కనిపించదు. కానీ ఆ కండువా చేసే పనిని ఇప్పుడు ధరల పట్టిక చేస్తోంది. అదెలాగో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఒకే ధర అనే ఆలోచన

వస్తువు మీద ధర రాసి, అందరికీ అదే ధరకు అమ్మడం చాలా కొత్త పద్ధతి. ఇంగ్లండులో పదిహేడవ శతాబ్దపు క్వేకర్ వర్తకులు, బేరమాడటం అబద్ధమాడటమేనని నమ్మి ఒకే ధర చెప్పేవారు. పంతొమ్మిదవ శతాబ్దంలో పారిస్, ఫిలడెల్ఫియా నగరాల్లోని పెద్ద దుకాణాలు ఈ పద్ధతిని వ్యాపార సూత్రంగా మార్చాయి. వందలమంది గుమాస్తాలున్న చోట ప్రతి ఒక్కరికీ బేరమాడే నేర్పు ఉండదు కదా! అందుకని ధర చీటీ వచ్చింది.

అయితే కార్ల దగ్గర బేరం పోలేదు. కారు ఖరీదైనది, అరుదుగా కొనేది. పైగా పాత కారు మార్పిడి, అప్పు, బీమా అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. అందుకే అమెరికా 1958లో ఒక చట్టం తెచ్చి, ప్రతి కొత్త కారు అద్దం మీద తయారీదారు సూచించిన ధర చీటీ అంటించడం తప్పనిసరి చేసింది.

బేరం లేని ఢిల్లీ

మన దేశంలో కథ వేరుగా నడిచింది. స్వాతంత్ర్యం తర్వాత దశాబ్దాలపాటు కారు అంటే ప్రధానంగా అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ మాత్రమే. ఎన్ని కార్లు తయారు చేయాలో లైసెన్సు నిర్ణయించేది. 1959లో కార్ల పంపిణీ, అమ్మకాలపై ప్రభుత్వం నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. 1969లో ధరను కూడా ప్రభుత్వమే నిర్ణయించింది. కంపెనీలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. కారుకు న్యాయమైన ధరను ఎలా లెక్కకట్టాలో 1971లో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పవలసి వచ్చింది.

అప్పట్లో కొనేవాడు డీలరును తగ్గించమని అడగడం కాదు, కారు ఎప్పుడిస్తారని అడిగేవాడు. సరుకు తక్కువై, ధర కట్టడిలో ఉంటే, మిగిలిన ధరను జనం కాలం రూపంలో చెల్లిస్తారు. క్యూలో నిలబడలేనివారు చేతికి వచ్చిన కారును మరొకరి దగ్గర ఎక్కువ పెట్టి కొనుక్కునేవారు. 1983లో మారుతీ 800 కోసం లక్షకు పైగా ప్రజలు ముందుగా సొమ్ము కట్టారు. ఆ ఏడాది డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ తొలి కారు తాళాలను ఒక ఢిల్లీ వాసికి అందించారు.

1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు అవసరం తీసివేశారు. 1998లో శాంత్రో, ఇండికా కార్లు వచ్చాయి. పోటీ పెరిగింది, ఎదురుచూసే జాబితాలు కరిగిపోయాయి. డీలరు దగ్గర కార్లు నిలువ ఉండటం మొదలైంది. నిలువ ఉన్న చోటే బేరం పుడుతుంది.

హైబ్రిడ్ కారు ఎందుకు ఖరీదు?

పన్నెండు వందల కిలోల కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాని గతిజ శక్తి 60,000 జౌళ్లు. సిగ్నలు దగ్గర బ్రేకు వేస్తే మామూలు కారులో ఈ శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. హైబ్రిడ్ కారులో విద్యుత్ మోటారు ఆ సమయంలో జనరేటరుగా పనిచేసి, ఆ శక్తిలో కొంతభాగాన్ని బ్యాటరీలోకి పంపుతుంది. కారు మళ్లీ కదిలేటప్పుడు ఆ శక్తి అక్కరకు వస్తుంది. అందుకే మాటిమాటికీ ఆగే నగరపు రోడ్ల మీద దీని లాభం ఎక్కువ. ఒకే కారులో ఇంజను, మోటారు, బ్యాటరీ మూడూ ఉండాలి కనుక ఖర్చూ ఎక్కువే.

ఈ ఆలోచన పాతది. 1900 ప్రాంతంలోనే ఫెర్డినాండ్ పోర్షే ఇటువంటి వాహనం తయారు చేశాడు. 1997 డిసెంబరులో జపానులో విడుదలైన టయోటా ప్రియస్ దీన్ని సామాన్యుల దగ్గరకు తెచ్చింది. మన దేశంలో 2008లో హోండా సివిక్ హైబ్రిడ్ సుమారు రూ.21.5 లక్షల ధరతో వచ్చింది. అది పూర్తిగా దిగుమతి చేసుకున్న కారు, సుంకం 100 శాతానికి పైనే. కొనేవారు కరువయ్యారు. అదే ఏడాది చివరలో కంపెనీ దాదాపు రూ.8 లక్షలు తగ్గించగానే నిలువ ఉన్న కార్లు త్వరగా అమ్ముడుపోయాయి. ఎనిమిది లక్షల తగ్గింపు ఏ ఒక్కరి మాటకారితనం వల్లా రాలేదు. అమ్ముడుపోని నిలువే ఆ తగ్గింపు తెచ్చింది.

పన్ను అనే మూడో మనిషి

హైబ్రిడ్ కారు బేరంలో ఇద్దరు కాదు, ముగ్గురు కూర్చుంటారు. మూడోవాడు ప్రభుత్వం. 2015 ఏప్రిల్ నుంచి కేంద్రం హైబ్రిడ్లకు రాయితీ ఇచ్చింది. 2017 ఏప్రిల్‌లో స్వల్ప హైబ్రిడ్లను అందులోంచి తొలగించింది. అదే ఏడాది జూలైలో జీఎస్టీ వచ్చి, సెస్సుతో కలిపి హైబ్రిడ్ కార్లపై పన్ను 43 శాతానికి చేరింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు పోయి, పెద్ద హైబ్రిడ్ కార్లపై అది 40 శాతమైంది. 2024 జూలైలో ఉత్తర ప్రదేశ్ బలమైన హైబ్రిడ్లకు రిజిస్ట్రేషన్ పన్ను మినహాయించింది. దాంతో ఒకే కారు ఢిల్లీలో ఒక ధర, సరిహద్దు దాటి ఘజియాబాదులో మరొక ధర పలికింది. కానీ చిరునామా ఎక్కడుందో అక్కడే రిజిస్ట్రేషన్ చేయించాలి కదా! షోరూములో ఎంత వాదించినా ఈ భాగం కదలదు.

బేరం వెనుక గణితం

1950లో జాన్ నాష్ అనే గణిత శాస్త్రవేత్త బేరాన్ని ఒక సమస్యగా మార్చి పరిష్కరించాడు. బేరం కుదరకపోతే ఎవరి గతి ఏమిటి అన్నదే అందులో కీలకం. ఒక ఉదాహరణ తీసుకుందాం. డీలరు రూ.16 లక్షలకు తక్కువ ఇవ్వలేడు. కొనేవాడు రూ.16.6 లక్షలకు మించి పెట్టలేడు. మధ్యనున్న రూ.60 వేలు ఎవరికి ఎంత అన్నదే బేరం. కొనేవాడి చేతిలో మరో డీలరు రూ.16.2 లక్షలకు రాసిచ్చిన కాగితం ఉంటే పంచుకోవలసింది రూ.20 వేలకు తగ్గిపోతుంది. గొంతు పెంచనక్కరలేదు, ఆ కాగితం చాలు.

సమాచారం లేనివారి సంగతేమిటి? అమెరికాలో ఇయాన్ ఐర్స్ చికాగో ప్రాంతపు డీలర్ల దగ్గరకు ఒకే విధంగా బేరమాడేలా శిక్షణ పొందినవారిని పంపి, ఫలితాలను 1991లో ప్రకటించాడు. మాటలు ఒకటే అయినా తెల్లజాతి మగవారికి తక్కువ ధర, స్త్రీలకూ నల్లజాతివారికీ ఎక్కువ ధర చెప్పారని తేలింది. చాటుగా సాగే బేరంలో అసలు ప్రమాదం ఇదే. మనిషిని చూసి ధర మారుతుంది.

ముఖర్జీ నగర్‌లో ఒక లెక్క

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే విద్యార్థుల పేట. దేశం నలుమూలల నుంచీ వచ్చినవారు అక్కడ గది అద్దెకూ, పాత పుస్తకాలకూ, రిక్షాకూ రోజూ బేరమాడుతుంటారు. కొద్ది దూరంలోనే ఆజాద్‌పూర్ మండీ ఉంది. తెల్లవారేసరికి లారీల్లో దిగే కూరగాయల ధర ఎండెక్కేకొద్దీ దిగడం అక్కడ మామూలే. ఆ పేటలోని ఒక కుటుంబం హైబ్రిడ్ కారు కొనదలచింది అనుకుందాం. ఏం చేయాలి?

మొదట, ధరను విడగొట్టాలి. షోరూమ్ ధర, రోడ్డు పన్ను, బీమా, అదనపు సామగ్రి, రవాణా ఖర్చు అంటూ పట్టికలో వరసలుంటాయి. పన్ను కదలదు. కానీ బీమాను డీలరు దగ్గరే తీసుకోవాలన్న నియమం లేదు, బయట ధర కనుక్కోవచ్చు. అడగని సామగ్రి వద్దనవచ్చు. దేనికో చెప్పని రుసుమును దేనికని అడగవచ్చు. పది లక్షలు దాటిన కారుపై వసూలు చేసే 1 శాతం పన్ను, ఆదాయపు పన్ను లెక్కలో తిరిగి సర్దుబాటు అవుతుంది. దాన్ని ఖర్చు కింద రాసుకోనక్కరలేదు.

రెండవది, కాలం చూడాలి. డిసెంబరు దాటితే నిలువ ఉన్న కారు లెక్కలో ఒక ఏడాది పాతదవుతుంది. తగ్గింపు ఇస్తే తీసుకోవచ్చు, కానీ తిరిగి అమ్మేటప్పుడు ఆ ఏడాది ధరలో కోతపడుతుందని గుర్తుంచుకోవాలి. కారు కోసం నెలలు వేచి ఉండాల్సి వస్తే మాత్రం తగ్గింపు ఆశించనక్కరలేదు. అది 1983 నాటి పరిస్థితే.

మూడవది, అసలు లెక్క. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, హైబ్రిడ్ 22 కిలోమీటర్లు ఇస్తాయనుకుందాం. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే ఆదా సుమారు 212 లీటర్లు. లీటరు వంద రూపాయలనుకుంటే రూ.21,200. హైబ్రిడ్‌కు రూ.2.5 లక్షలు ఎక్కువ పెడితే అది తిరిగి రావడానికి దాదాపు 12 ఏళ్లు. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఆరేళ్లు. అదే రూ.40 వేలు తగ్గించగలిగితే మొదటివారికి దాదాపు రెండేళ్లు కలిసివస్తాయి. అంటే బేరంలో మిగిలిన సొమ్ము రెండేళ్ల పెట్రోలు ఆదాకు సమానం.

గోల్కొండ వర్తకుడికి రాయి విలువ తెలుసు, అందుకే కండువా కింద కూడా మోసపోలేదు. కారు కొనేవారి దగ్గరా వజ్రపు కాటా లాంటిది ఒకటి ఉండాలి. ఒక కాగితం, ఒక పెన్సిలు, రెండు మూడు షోరూముల నుంచి రాయించి తెచ్చుకున్న ధరల పట్టికలు ఉంటే ఆ కాటా ఉన్నట్లే. చదువుకున్న పిల్లలు ఇంట్లో పెద్దలకు ఈ లెక్క వేసి చూపించగలిగితే, బల్లకు అవతల ఉన్నవారికి ఎంత తెలుసో ఇవతలివారికీ అంతే తెలుస్తుంది. అప్పుడు కుదిరే ధర ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.