పా మోక్ డోళ్ళ ఊరు

బ్యాంకాక్‌కు ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో, చావో ప్రాయా నది రెండు ఒడ్డులా పరుచుకున్న చిన్న ప్రాంతం మా ఆంగ్ థాంగ్. మొత్తం వైశాల్యం వెయ్యి చదరపు కిలోమీటర్ల లోపే. 1970లలో బిర్లా గ్రూపు ఇక్కడ థాయ్ రేయాన్ ఫ్యాక్టరీ పెట్టినప్పటి నుంచి భారతీయ కుటుంబాలు వచ్చి ఉంటున్నాయి. అలా ఉద్యోగానికి వచ్చి ఈ ఊరివాడినైపోయిన తెలుగువాణ్ణి నేను. ఇక్కడికి వచ్చే చుట్టాలకు ఏది చూపించాలన్నా ముందు పా మోక్ తీసుకెళ్తాను. అక్కడి సంత వెనక, నది ఒడ్డున, ఎకరాట్ అనే డోళ్ళ ఊరుంది.

పా మోక్ చరిత్రంతా నదితో ముడిపడినదే. 16వ శతాబ్దం చివర బర్మా సైన్యంతో తలపడబోతూ నరేసువాన్ రాజు తన సేనను ఇక్కడే కూడగట్టి, ఇక్కడి శయన బుద్ధుడికి మొక్కి బయల్దేరాడని చెబుతారు. ఆ బుద్ధుడి పొడవు 22 మీటర్ల పైమాటే. తర్వాత నది ఒడ్డును కోసేస్తూ విగ్రహం దాకా వచ్చేసరికి, 18వ శతాబ్దంలో థాయ్ సా రాజు కాలంలో అంత విగ్రహాన్నీ జరిపి లోపలికి చేర్చారు. 2011 వరదల్లో ఈ ప్రాంతమంతా మునిగింది. వరి పండించేదీ, ముంచేదీ ఒకే నది.

డోళ్ళ పని కూడా ఈ వరి పొలాల నుంచి పుట్టిందే. 1927 నుంచి ఇక్కడ డోళ్ళు చేస్తున్నారు. కోతలయ్యాక రైతులకు చేతినిండా ఖాళీ ఉంటుంది, ఆకాశంలో మబ్బు ఉండదు. తోలు ఎండాలంటే కావలసింది ఆ ఎండే. అందుకే ఇది పంటకు పోటీ వచ్చే పని కాలేదు, పంట తర్వాత చేసుకునే పనిగా నిలబడింది. తాతల నాడు అలా మొదలైన పని ఇప్పుడు చాలా ఇళ్ళలో ఏడాది పొడుగునా సాగే వృత్తి.

కర్ర సంగతి చెప్పాలి. వీళ్ళు వాడేది నిద్రగన్నేరు. థాయిలో చామ్‌చురీ అంటారు. ఇది ఈ నేల చెట్టు కాదు, పుట్టిల్లు అమెరికా ఖండం. సియాం అటవీ శాఖకు తొలి అధిపతిగా ఉన్న స్లేడ్ అనే ఆంగ్లేయుడు 1900 ప్రాంతంలో దీన్ని బర్మా నుంచి తెప్పించాడు. త్వరగా లావెక్కుతుంది, మెత్తగా ఉండి ఉలికి లొంగుతుంది, రోడ్ల పక్కనా పెరళ్ళలోనూ పెరుగుతుంది. థాయిలాండ్ 1989లో అడవుల్లో చెట్లు కొట్టడాన్ని నిషేధించింది. అడవి టేకు మీదే ఆధారపడిన ఊరైతే ఆ దెబ్బకు కుదేలయ్యేది. పెరటి చెట్టును నమ్ముకున్న ఊరు కనుక ఎకరాట్ పని ఆగలేదు.

వర్క్‌షాపులన్నీ ఇళ్ళ ముందరి రేకుల పంచలే. దుంగను కావలసిన పొడవుకు కోసి, పైన లేత్ మీద నునుపు చేసి, లోపల దొలుస్తారు. గోడ మందం అన్ని చోట్లా ఒకేలా రావాలి. ఆవు తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, తడి మీదే డోలు మూతి మీద పరుస్తారు. తోలు అంచు చుట్టూ చిల్లులు పొడిచి, వాటిల్లోంచి తాళ్ళు పోనిచ్చి, కింద కర్రలకు మెలిపెట్టి లాగుతారు. ఎండలో పెడితే తోలు బిగుస్తుంది. మళ్ళీ మెలి తిప్పుతారు, మళ్ళీ ఎండబెడతారు. పెద్ద డోలైతే పనివాడు మూతి మీదికెక్కి కాళ్ళతో తొక్కుతాడు. ఎంత సాగాలో అప్పుడే సాగనివ్వాలి, లేకపోతే కొన్నవాడి దగ్గర వదులైపోతుంది. ఇక సాగదని చేతికి తెలిశాక చుట్టూ వరసగా మేకులు దిగ్గొట్టి, మిగిలిన అంచు కోసేస్తారు. ఆ మేకుల వరస తిన్నగా ఉందో లేదో చూస్తే పనివాడి చెయ్యి ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఇక్కడ తయారయ్యే వాటిలో క్లాంగ్ తత్ పెద్దది, జంటగా వాయించేది. పై స్థాయిలో పలికేదాన్ని మగ డోలని, కింది స్థాయిలో పలికేదాన్ని ఆడ డోలని పిలుస్తారు. క్లాంగ్ యావ్ భుజానికి తగిలించుకునే పొడుగు డోలు. దీక్ష తీసుకోబోయే కుర్రాణ్ణి ఆరామానికి ఊరేగించినా, వానాకాలం ముగిశాక భిక్షువులకు కథిన వస్త్రాలు మోసుకెళ్ళినా, సొంక్రాన్ పండగొచ్చినా ముందు నడిచేది ఇదే. తపోన్ మన మృదంగంలా రెండు వైపులా వాయించేది. మృదంగం తొప్పికి రవ్వ ముద్ద పెట్టినట్టే, తపోన్‌కు అన్నం, కొబ్బరి మట్టల బూడిద కలిపి మెత్తగా నూరి పెట్టి శ్రుతి చేస్తారు. థాయి వాద్యకారులు గురుపూజ నాడు విశ్వకర్మను, పంచశిఖ గంధర్వుణ్ణి తలుచుకుంటారు. తపోన్‌నూ గురువుగా భావించి చేతులు జోడించాకే ముట్టుకుంటారు.

ఈ ఊరి డోళ్ళకు గట్టి ఆధారం ఆరామాలే. భిక్షువులు మధ్యాహ్నం దాటాక భోంచెయ్యరు. అందుకని పొద్దున 11 గంటలకు పెద్ద డోలు మోగిస్తారు. ఆ డోలు తోలు ఎప్పుడో ఒకప్పుడు చిరుగుతుంది, కొత్తది వెయ్యాల్సిందే. బళ్ళలో వాద్య బృందాలు, ఊళ్ళలో ఊరేగింపు బృందాలు ఉన్నంత కాలం ఈ పనికి గిరాకీ ఉంటుంది.

ఊళ్ళో కమ్నాన్, అంటే కొన్ని ఊళ్ళకు కలిపి ఉండే పెద్ద, ఇంటి ముందు 1994లో చేసిన పొడుగు డోలు ఒకటుంది. పొడవు 7.6 మీటర్లు, మూతి వెడల్పు 92 సెంటీమీటర్లు. ఆరు నిద్రగన్నేరు దుంగలు కలిపి, ఏడాది పాటు చేశారు. టూరిస్టులు దాని పక్కన నిలబడి ఫోటో దిగి, అరచేతిలో పట్టే బొమ్మ డోలొకటి కొనుక్కుని వెళ్ళిపోతారు. ఆ బొమ్మలు అమ్ముకోవడం తప్పేమీ కాదు, ఆ డబ్బు ఇంటికి ఆసరానే. కానీ ఈ ఊరి గొప్పతనం ఆ పెద్ద డోలులోనూ లేదు, ఆ బొమ్మల్లోనూ లేదు. వాయించడానికి పనికొచ్చే డోలును, వాయించేవాడికి నచ్చేలా, ఇప్పటికీ చేసిపెట్టడంలో ఉంది. ఒక కళ అద్దాల బీరువాలోకి చేరకుండా బతకాలంటే దానికి పని ఉండాలి. ఎకరాట్‌లో అది ఉంది.

అయుత్థయ చూడ్డానికి వచ్చే మన తెలుగువాళ్ళకు నా మాట ఒకటే. అక్కణ్ణించి అరగంట ప్రయాణం పా మోక్. వానలు లేని నెలల్లో, తోలు ఎండబెట్టే పూట రండి. ఫోటో అయ్యాక పంచలోకి వెళ్ళి కాసేపు కూర్చుని పని చూడండి. వాయించే చెయ్యి మీ ఇంట్లో ఉంటే అసలు డోలే కొనండి. కొనేటప్పుడు మరీ గీచి గీచి బేరమాడకండి.