గని గడియారం, ఒంటి గడియారం

బొగ్గు గనుల ఊరు మందమర్రి కార్మికవాడల్లో రాత్రి షిఫ్ట్ దిగివచ్చిన మనిషి ఎండెక్కే వేళకు నడుం వాలుస్తాడు. కిటికీకి దుప్పటి కట్టినా, పిల్లల్ని బయటికి పంపినా నిద్ర ఆగి ఆగి పడుతుంది. మళ్లీ గనిలో తెల్లవారుజామున రెప్పలు బరువెక్కుతాయి. మర్నాడు డ్యూటీకి పోలేకపోతే మస్టర్‌లో ‘నాగా’ పడుతుంది.

ఈ నాగాకు బద్ధకమనీ, తాగుడనీ పేర్లు పెట్టడం తేలిక. ఒంటి లోపలి కారణాన్ని వెతకడం మాత్రం చాలా ఆలస్యంగా మొదలైంది.

గనుల కథ అంతకు చాలా ముందే మొదలైంది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనుగొన్నాడు. 1889లో తవ్వకం మొదలైంది, 1920లో తవ్వే కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది. గనులు గోదావరి వెంట ఉత్తరానికి పాకి బెల్లంపల్లికీ, తర్వాత మందమర్రికీ చేరాయి. పొద్దును చూసి నాగలి కట్టిన కుటుంబాల బిడ్డలు ఇక్కడ సైరన్ విని గనిలోకి దిగారు. రోజు మూడు షిఫ్టులైంది.

పొద్దు కనిపించకపోతే శరీరం ఏం చేస్తుంది? 1938లో నిద్ర పరిశోధకుడు నథానియల్ క్లైట్‌మన్ తన శిష్యుడితో అమెరికాలోని మామత్ గుహలో 32 రోజులుండి, రోజును 28 గంటలకు సాగదీసి చూశాడు. శిష్యుడి ఒళ్లు ఆ లెక్కకు ఒదిగింది, గురువుది ఒదగలేదు. 1962లో ఫ్రెంచ్ గుహాన్వేషకుడు మిషెల్ సిఫ్ర్ రెండు నెలలు గుహలో గడిపి వచ్చేసరికి తేదీ లెక్కలో మూడు వారాలకు పైగా వెనకబడ్డాడు. మన దేశంలోనూ శాస్త్రవేత్త ఎం.కె. చంద్రశేఖరన్ మదురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో వెలుతురూ గడియారమూ లేని గదుల్లో మనుషుల నిద్రను పరిశీలించారు.

ఇలాంటి ప్రయోగాలు ఒంటి లోపలా ఒక గడియారం ఉందని చూపాయి. అది మెదడులో, కంటి నరాలు కలుసుకునే చోటుకు కాస్త పైన ఉంటుంది. కంటిలో పడే పగటి వెలుగే దాన్ని రోజూ సరిచేస్తుంది. తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గుతుంది, చురుకుదనం అడుగంటుతుంది. క్యాప్ ల్యాంప్ వెలుగు దారి చూపుతుంది కానీ సూర్యుడి పని చేయలేదు. గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే 2017లో ముగ్గురికి నోబెల్ వచ్చింది.

1952 గనుల చట్టం భూగర్భంలో రోజుకు 8 గంటల హద్దు పెట్టింది. జీతంతో కూడిన సెలవుకు ఉపరితలంలో 240 హాజర్లు కావాలంటే, భూగర్భంలో 190 చాలంది. కింద పని ఒళ్లు హూనం చేస్తుందని చట్టమే ఒప్పుకున్నట్టు. కానీ ఆ 8 గంటలు పగలా, రాత్రా అన్న తేడా ఆ లెక్కలోకి రాలేదు.

ఆ తేడాను పట్టించుకుంటే ఏమవుతుందో అమెరికాలోని యూటా రాష్ట్రంలో తేలింది. అక్కడి ఖనిజ కర్మాగారంలో కార్మికుల షిఫ్టులు వారం వారం వెనక్కి తిరిగేవి. వాటిని పగలు, సాయంత్రం, రాత్రి అనే వరుసలోకి మార్చి, ఒక్కో షిఫ్ట్‌ను మూడు వారాలు నిలిపితే కార్మికుల సంతృప్తి, ఆరోగ్యం, ఉత్పత్తి మూడూ మెరుగయ్యాయని 1982లో పరిశోధకులు ప్రకటించారు. మనిషి ఒంటి రోజు 24 గంటలకు కాస్త ఎక్కువే కాబట్టి ముందుకు జరగడం దానికి సులువు. మందమర్రిలో షిఫ్టుల పట్టీ రాసేవాళ్ల బల్ల మీద ఉండాల్సిన ఫలితం ఇది.