మన పిల్లల ఎంట్రెన్స్ పరీక్ష ఎక్కడి నుంచి వచ్చింది?



గురుకులం, నవోదయ నోటిఫికేషన్లు పడంగనే మన గ్రూపులో ఒకటే ప్రశ్నలు. ఏ పుస్తకం కొనాలె, ఎన్ని మార్కులొస్తే సీటు, కోచింగ్ వికారాబాద్‌లో బాగుంటదా తాండూరులో బాగుంటదా అని. అవి చెప్పేటోళ్లు మనలో చానామంది ఉన్నరు. ఈ పరీక్ష మన తండాల దాకా ఎట్ల వచ్చిందో మాత్రం ఎవరూ రాయలేదు, అందుకే రాస్తున్న. పొడుగైతది గానీ, ఇంట్ల నాలుగో తరగతి పిల్లలున్నోళ్లు చివరిదాకా చదవండి.

నిజాం కాలంలో మంచి బడికి ఎంపిక అంటే పుట్టుకే. 1923లో హైదరాబాద్‌లో జాగీర్దార్ కాలేజీ పెట్టిన్రు. పేర్లనే ఉన్నది, అది జాగీర్దార్ల కొడుకుల బడి. అదే రాజ్యంలో 1943లో ఆదిలాబాద్ అడవుల్లో, మార్లవాయిలో, హైమెండార్ఫ్ గోండుల చదువు పథకం మొదలుపెట్టిండు. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి టీచర్లను చేసిన్రు, గోండిలోనే వాచకాలు తయారు చేసిన్రు. పిల్లలను వడపోయకుండా బడినే పిల్లల భాషలకు తెచ్చిన ప్రయత్నం అది. నాకు తెలిసి మన రాష్ట్ర గిరిజన విద్య చరిత్రలో అంతకంటే తెలివైన పని తక్కువ.

మన దిక్కు అట్లాంటిదేం రాలేదు. అప్పట్ల తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలో ఉండేవి. 1950లో రాజ్యాంగం కింద హైదరాబాద్ రాష్ట్రానికి షెడ్యూల్డు తెగల జాబితా వచ్చింది. అంధ్, భిల్లు, చెంచు, గోండు, కొండరెడ్డి, కోలాం, కోయ, పర్ధాన్, తోటి, ఇంతే. లంబాడీ లేదు, ఎరుకల కూడా లేదు. 1956 నవంబర్ 1న రాష్ట్రాలను భాష లెక్కన విడగొట్టినప్పుడు తాండూరు, కొడంగల్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చినయి, పక్కనే ఉన్న చించోళి, సేడం మైసూరుకు పోయినయి. గీత గీసింది తెలుగు, కన్నడం చూసి. తండాలో మాట్లాడే గోర్ బోలిని ఎవరు లెక్కలోకి తీసుకున్నరు?

ఇప్పుడు అసలు కథ. పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయిన కొత్తల్నే, 1971 నవంబర్ 23న, నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకుల పాఠశాల తెరిచిన్రు. మరుసటి ఏడాది తాడికొండ, కొడిగెనహళ్లి. ప్రాంతానికి ఒకటి చొప్పున మూడు. తెలివైన పల్లెటూరి పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, తిండి, బట్ట, పుస్తకాలు సర్కారే ఇచ్చి చదివించాలన్నది ఆలోచన. పుట్టుక పోయి పరీక్ష వచ్చింది. గొప్ప మార్పే, కాదనను.

కానీ 1971లో తాండూరు పక్క తండా పిల్లగాడు ఆ పరీక్ష రాస్తే కాగితం మీద వాడు ఎస్టీ కాదు. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు అప్పటికే ఎస్టీలు. ఒకే రాష్ట్రం, ఒకే జాతి, ఒక దిక్కు రిజర్వేషన్ ఉన్నది, ఇంకో దిక్కు లేదు. 1976 నాటి 108వ నంబరు సవరణ చట్టం 1977 జులై 27న అమల్లోకి వచ్చినంకనే తెలంగాణ లంబాడీలు, ఎరుకలోళ్లు ఎస్టీలైన్రు. అదే చట్టంతో గుల్బర్గా లంబాణీలు ఎస్సీలైన్రు! చించోళిలో ఉన్న మేనమామ కొడుకు ఎస్సీ, తాండూరులో ఉన్న మేనల్లుడు ఎస్టీ. మన పెండ్లిళ్లలో ఇప్పటికీ ఇది నవ్వులాటే, సీటు దగ్గరికొస్తే మాత్రం నవ్వు రాదు.

ఆ తర్వాత దారి వేగంగా నడిచింది. 1985లో పి.వి. కేంద్రంలో విద్య చూసే మంత్రి అయిండు, 1986 జాతీయ విద్యా విధానంతో నవోదయలు దేశమంతా విస్తరించినయి. గిరిజన గురుకులాల సొసైటీ 1999లో వచ్చింది. 2014 మే 25న మన బిడ్డ మలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది, ఆమె చదివింది సాంఘిక సంక్షేమ గురుకులంలో. ఆ ఫొటో చూసి ఎన్ని తండాల్లో ఆడపిల్లలతో ఫారం నింపించిన్రో మీకే ఎరుక.

అయితే పరీక్షలో ఒక పాత లోటు అట్లనే ఉన్నది. నవోదయ ఆరో తరగతి పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో 50 మార్కులు మెంటల్ ఎబిలిటీ, 25 లెక్కలు, 25 భాష. గురుకులం ఐదో తరగతి పరీక్షలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉంటయి. ఇంట్ల యాడితో గోర్ బోలి మాట్లాడే పిల్లకు రెండూ పరాయి భాషలే. బొమ్మల ప్రశ్నలు టకటకా చేసి, తెలుగు పేరా దగ్గర ఆగిపోయే పిల్లలను చూసినం. వాళ్లు మొద్దులు కారు. మార్లవాయిలో 1943లనే అర్థమైన సంగతి ఇది.

ఇగ పనికొచ్చే ముచ్చట. నవోదయలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు. ఆ కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పూర్తిగా పల్లె బడిలనే చదవాలె. మధ్యల ఒక్కరోజు పట్నం బడిలో చదివినా పట్నం పిల్లగాని కిందనే లెక్క. మనోళ్లు ఏం చేస్తున్నరు? మంచి చదువని నాలుగో తరగతిల తండా బడి మాన్పించి తాండూరు టౌన్ల ప్రైవేటు బడిల వేస్తున్నరు. సీటు కోసం చేసిన పనితోనే కోటా పోతున్నది. కోచింగ్ ఇప్పియ్యండి, బడి పేరు మాత్రం మార్చకండి. ఇంకోటి, ఏ జిల్లా సీటు కావాల్నో ఐదో తరగతి ఆ జిల్లాలనే చదవాలె. పనికి హైదరాబాద్, పుణె పోయేటోళ్లు పిల్లను వెంట తీసుకపోయే ముందు ఇది యాది పెట్టుకోండి. ఈ పరీక్ష రెండోసారి రాయనియ్యరు.

జాగీర్దార్ కాలేజీ సంగతి మరిచిన. జాగీర్లు రద్దయినంక అదే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. ఇప్పుడు ఒకటో తరగతిల గిరిజన పిల్లలకు కొన్ని సీట్లు సర్కారు ఫీజు మీద ఇస్తరు, జిల్లాల్లో లాటరీ తీసి. పరీక్ష లేదు, చీటీ వస్తే సీటు. ఆ ప్రకటన పేపర్ల చిన్నగ పడతది. కనబడ్డోళ్లు వెంటనే ఇక్కడ పెట్టండి.