ఫుట్‌బాల్ అర్హత పోటీలు – హైదరాబాద్ ఆటగాళ్లు

ఒలింపిక్స్, ప్రపంచ కప్ వంటి పెద్ద టోర్నీల్లో చోటు కోసం దేశాలు ముందుగా ఆడుకునే వడపోత ఆటలే అర్హత పోటీలు. తొలి రౌండ్లలో ఎక్కువగా చిన్న జట్లు తలపడతాయి. సొంతగడ్డపై ఒక ఆట, ఎదుటివారి గడ్డపై ఒక ఆట ఆడాక రెండింటి గోల్స్ కలిపి విజేతను తేల్చడం మామూలు పద్ధతి. భారత్ తరఫున ఈ గడప దాటిన తెలుగు నేల ఆటగాళ్లలో చాలామంది హైదరాబాద్, సికింద్రాబాద్‌ల వాళ్లే. కంటోన్మెంటులో బ్రిటిష్ పటాలాలు ఆడిన ఆట జంటనగరాల్లో వేళ్లూనుకుంది. గోదావరి జిల్లాల మనసు కబడ్డీ, వాలీబాల్ మీదే ఉండిపోయింది.

ఈ చరిత్రకు ఇరుసు సయ్యద్ అబ్దుల్ రహీం (1909–1963). వృత్తిరీత్యా బడిపంతులు, భారత జట్టుకూ శిక్షకుడు. ఆయన తర్ఫీదులో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌కు భారత్ విడిగా అర్హత పోటీ ఆడకుండానే వెళ్లి, ప్రాథమిక రౌండులో యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తయింది. మనవాళ్లలో చాలామంది ఆ చలిలో బూట్లు లేకుండా ఆడారు. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి చేశారు.

1956 మెల్‌బోర్న్‌లో హంగేరీ తప్పుకోవడంతో భారత్ నేరుగా క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో తులసీదాస్ బలరాం, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్ వంటి హైదరాబాదీలు ఉన్నారు. అయినా ఎదుటి జట్టు తప్పుకుంటే వచ్చిన చోటు వేరు, మైదానంలో చెమటోడ్చి సంపాదించిన చోటు వేరు. రెండోది 1960 రోమ్ ఒలింపిక్స్‌కు దక్కింది. అర్హత పోటీల్లో అఫ్గానిస్తాన్‌ను 5–2తో ఓడించాక ఇండోనేషియాతో రెండు ఆటలు పడ్డాయి. కలకత్తాలో 4–2, జకార్తాలో 2–0. రెండూ మనవే. రోమ్‌లో హంగేరీ, పెరూల చేతిలో ఓడినా, రెండు ఆటల్లోనూ భారత్ గోల్ బలరాందే. ఫ్రాన్స్‌తో ఆట 1–1తో డ్రా అయింది. ఆ జట్టులోనే హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్, యూసుఫ్ ఖాన్, రహీం కొడుకు హకీం ఉన్నారు.

1962 ఆసియా క్రీడల స్వర్ణం తర్వాత, 1963 జూన్‌లో రహీం కన్నుమూశారు. 1964 టోక్యో అర్హత పోటీల్లో సిలోన్‌ను రెండుసార్లూ ఓడించిన భారత్ తర్వాతి మెట్టులో ఇరాన్ దగ్గర ఆగిపోయింది. అప్పటి నుంచి పురుషుల జట్టు ఒలింపిక్స్ ముఖం చూడలేదు. నెపాన్నంతా రహీం మరణం మీద వేయడం తేలికే, కానీ సరికాదు. ఆసియాలో మిగతా దేశాలు వేగంగా ఎదిగాయి. ఇక్కడ ఆటా అప్పుడే అడుగంటలేదు. ఆంధ్రప్రదేశ్ 1965–66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది.

ప్రపంచ కప్ కథ వేరు. 1950 పోటీలకు ప్రత్యర్థులంతా తప్పుకోవడంతో భారత్‌కు చోటు దానంతటదే వచ్చింది. జట్టు మాత్రం బ్రెజిల్ వెళ్లలేదు. బూట్లు లేకుండా ఆడనివ్వరనే మానుకున్నారన్న కథ బాగా పాకింది గానీ, భారత ఫుట్‌బాల్ సమాఖ్య చెప్పిన కారణాలు వేరు: జట్టు ఎంపికలో విభేదాలు, సాధనకు వ్యవధి చాలకపోవడం. భారత్ ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మొదటిసారి నిజంగా ఆడింది 1985లోనే. ఇండోనేషియా, థాయ్‌లాండ్, బంగ్లాదేశ్‌లున్న ఆ గ్రూపులో ఇండోనేషియా ముందుకు వెళ్లింది.

2015 మార్చిలో భారత్ ప్రపంచ కప్ అర్హత తొలి రౌండులో నేపాల్‌ను గువాహటిలో 2–0తో ఓడించి, కాఠ్‌మాండూలో 0–0తో సరిపెట్టుకుని గట్టెక్కింది. అదే నెలలో కరీబియన్‌లో కురసావో తొలి రౌండులోనే మాంట్‌సెరాట్ మీద, రెండు ఆటలూ కలిపి 4–3తో బతికి బయటపడింది. మాంట్‌సెరాట్ జనాభా కోనసీమలో ఒక ఊరి జనాభా అంత. కురసావోది సుమారు లక్షన్నర. ఆ కురసావో 2025 నవంబరులో జమైకాతో 0–0 డ్రా చేసుకుని 2026 ప్రపంచ కప్‌కు అర్హత సాధించింది. అంత తక్కువ జనాభా ఉన్న దేశం ఏదీ అంతకుముందు ఆ టోర్నీకి చేరలేదు.

ఇటీవల తెలుగు నేల పేరు అర్హత పోటీల్లో వినిపించింది మహిళల జట్టు వల్ల. నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోతు సౌమ్య 2025లో థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌లో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీల్లో ఆడింది. మంగోలియాపై 13–0తో మొదలుపెట్టిన భారత్, జులై 5న ఆతిథ్య జట్టును 2–1తో ఓడించి 2026 ఆసియా కప్‌లో చోటు దక్కించుకుంది.