చైనా హైస్కూల్లో ఇంగ్లీషు: చదువు ముందు, వినికిడి వెనక

చైనాలో ప్రభుత్వమే పూనుకుని ఇంగ్లీషు నేర్పించడం 1862లో మొదలైంది. రెండో నల్లమందు యుద్ధంలో దెబ్బతిన్న చింగ్ ప్రభుత్వానికి పాశ్చాత్యులతో వ్యవహారాలు నడపడానికి సొంత దుబాసీలు అవసరమయ్యారు. వాళ్లను తయారుచేయడానికే బీజింగులో తోంగ్‌వెన్ గ్వాన్ అనే బడి వెలిసింది. ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో కొత్త తరహా మాధ్యమిక పాఠశాలలు వచ్చాయి. 1905లో పాత రాజోద్యోగ పరీక్షలు రద్దయ్యేసరికి విదేశీ భాష ఆ కొత్త బడుల్లో ఒక సబ్జెక్టుగా స్థిరపడింది. బోధన తీరు మాత్రం పెద్దగా మారలేదు. వాక్యాన్ని వ్యాకరణం ముక్కలుగా విడగొట్టడం, చైనీస్‌లో అర్థం చెప్పించడం, కంఠతా పట్టించడం, ఇంతే. కన్ఫ్యూషియస్ గ్రంథాలను వల్లె వేయించిన పద్ధతే ఇంగ్లీషు వాచకానికీ వచ్చింది. పొద్దున్నే క్లాసులు మొదలుకాకముందే పిల్లలంతా గొంతెత్తి పాఠం చదివే అలవాటు చైనా హైస్కూళ్లలో ఈనాటికీ పోలేదు.

1949లో కమ్యూనిస్టు ప్రభుత్వం వచ్చాక కొన్నేళ్లు రష్యన్‌దే పైచేయి. సోవియట్ యూనియన్‌తో చెడ్డాక 1960లలో ఇంగ్లీషు మళ్లీ ముందుకొచ్చింది. అంతలోనే 1966లో సాంస్కృతిక విప్లవం వచ్చిపడి విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష గావ్‌కావ్ ఆగిపోయింది. దాన్ని 1977 డిసెంబరులో పునరుద్ధరించారు. ఇంగ్లీషు మార్కులను మాత్రం ఒక్కసారిగా కలపలేదు. 1979లో వచ్చిన మార్కుల్లో 10 శాతమే మొత్తంలో చేర్చారు. దాన్ని ఏటా పెంచుతూ 1983 నాటికి 100 శాతానికి తెచ్చారు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు ఊసే లేని ఊళ్లకు అది ఇచ్చిన గడువు.

ఆ రోజుల్లో వినే ఇంగ్లీషు ఎక్కువగా బడి బయటే దొరికేది. వాయిస్ ఆఫ్ అమెరికా నెమ్మదిగా, తేలిక మాటల్లో చదివే వార్తలకు శ్రోతలు ఉండేవారు. 1982లో బీబీసీ వారి ‘ఫాలో మీ’ పాఠాలు చైనా జాతీయ టెలివిజన్‌లో మొదలయ్యాయి. వాటితో క్యాథీ ఫ్లవర్ అనే బ్రిటిష్ ఉపాధ్యాయిని ఇంటింటికీ పరిచయమైంది.

పరీక్షకు ఆధునిక రూపం గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్సులో వచ్చింది. గ్వాంగ్జౌలోని భాషాశాస్త్రవేత్త గ్వే షిచున్ నాయకత్వంలో 1985లో అక్కడ బహుళైచ్ఛిక ప్రశ్నలతో కొత్త తరహా పరీక్షను ప్రయోగాత్మకంగా పెట్టారు. అనువాదానికి ప్రాధాన్యం తగ్గి, పాఠ్యభాగం చదివి గ్రహించడానికీ, కథలో ఖాళీలు పూరించడానికీ పెరిగింది. చెవి పరీక్ష చాలాకాలం ఆగాల్సి వచ్చింది. కారణం వట్టి సరంజామా. వేలాది హాళ్లలో ఒకేసారి, ఒకే తీరుగా, స్పష్టంగా టేపు వినిపించాలి. చివరకు 1999లో, అదీ గ్వాంగ్‌డాంగ్‌లోనే, వినికిడి భాగం చేరి తర్వాత మిగతా చోట్లకు పాకింది. వసతులు లేని కొన్ని ప్రావిన్సులు ఆ మార్కులను చాలా ఏళ్లు మొత్తంలో కలపలేదు.

జాతీయ ప్రశ్నపత్రంలో ఈ భాగం దాదాపు 20 నిమిషాలు సాగుతుంది. 20 ప్రశ్నలు, 150లో 30 మార్కులు. మొదటి 5 చిన్న సంభాషణలను ఒక్కసారే వినిపిస్తారు. ఒక్కొక్కదాని తర్వాత జవాబు గుర్తించి తరువాతి ప్రశ్న చదువుకోవడానికి 10 సెకన్లు. ఆ తర్వాత వచ్చే పొడవైనవి రెండేసి సార్లు. ముందు నమూనాగా వచ్చే చొక్కా ధర ప్రశ్న, 19 పౌండ్ల 15 పెన్నీలా, 9 పౌండ్ల 18 పెన్నీలా, 9 పౌండ్ల 15 పెన్నీలా అన్నది, ఏళ్ల తరబడి మారకపోవడంతో ఒక తరానికి ఉమ్మడి హాస్యమైపోయింది. ఆ 20 నిమిషాలూ పరీక్షా కేంద్రాల చుట్టుపక్కల కట్టడం పనులు ఆపించడం, హారన్లు మోగకుండా చూడటం నగరపాలకుల బాధ్యత.

మార్కులు రాగానే మార్కెట్టూ వచ్చింది. 1990ల చివర ‘రిపీటర్’ అనే టేప్ రికార్డర్ల గిరాకీ పెరిగింది. ఇది టేపులోని కొన్ని సెకన్ల మాటను మెమరీలో పట్టి, మీట నొక్కినన్ని సార్లు తిరిగి వినిపిస్తుంది. అవి అమ్మిన పేరున్న కంపెనీల్లో 1995లో పుట్టిన బీబీకే ఒకటి. మన ఊళ్లలో కనబడే ఒప్పో, వివో ఫోన్ల మూలాలు ఆ కంపెనీలోనే ఉన్నాయి.

చదివే సాధనకు మాత్రం కొరత ఎప్పుడూ లేదు. చైనా డైలీ సంస్థ 1993లో విద్యార్థుల కోసం ‘ట్వంటీ ఫస్ట్ సెంచరీ’ అనే ఇంగ్లీషు పత్రిక తెచ్చింది. దాదాపు 3500 మాటల జాబితా హైస్కూలు పిల్లల కంఠంలో ఉండాల్సిందే. ప్రశ్నల రకాల్లో చెప్పుకోదగ్గది ‘ఏడింట అయిదు’. పాఠ్యభాగంలో 5 వాక్యాలు తీసేసి, 7 ఇచ్చి, ఏది ఎక్కడిదో పట్టమంటారు. మాటల అర్థాలు మాత్రమే తెలిస్తే ఇది కుదరదు, పేరాల అల్లిక తెలియాలి. కంఠపాఠం అంతగా పనికిరాని ప్రశ్న ఇదొక్కటే అనిపిస్తుంది.

తరువాతి అడుగు కంప్యూటర్. 2011లో గ్వాంగ్‌డాంగ్ వినడం, మాట్లాడటం కలిపి కంప్యూటర్‌పై పరీక్షించడం మొదలుపెట్టింది. బీజింగు 2021 నుంచి ఈ రెంటికీ కలిపి 150లో 50 మార్కులు కేటాయించింది. చాలా ప్రావిన్సుల్లో మాత్రం పిల్లలు ఇప్పటికీ జూన్ 8 మధ్యాహ్నం హాల్లోని లౌడ్‌స్పీకర్ వైపే చెవి పెట్టి కూర్చుంటారు.