హికరీ నుంచి హైటెక్ సిటీ దాకా

గోల్ఫ్‌లో బంతిని దూరం కొట్టే క్లబ్బు డ్రైవర్‌ని చూడగానే కళ్లు దాని తల మీదే పడతాయి. 460 ఘన సెంటీమీటర్ల బుర్ర, టైటానియం, కార్బన్, మెరిసే రంగులు. ప్రకటనల వెలుగంతా దానికే. తలనీ పిడినీ కలిపే షాఫ్టు సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. కానీ గోల్కొండ నయా ఖిలాలోని హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ కోర్సులోనో, గచ్చిబౌలి పక్కన బౌల్డర్ హిల్స్‌లోనో పొద్దున్నే ఆట మొదలుపెట్టే మొదటి టీ దగ్గర నిలబడి చూడండి. వాదన ఆ షాఫ్టు మీదే నడుస్తుంటుంది: కంపెనీ బిగించి ఇచ్చిందే చాలా, వేరేది కొని వేయించుకోవాలా?

నూరేళ్ల కిందట ఈ ప్రశ్నే లేదు. అమెరికా నుంచి వచ్చిన హికరీ కర్రని స్కాట్లండ్ తయారీదారు చిత్రిక పట్టి, ఆటగాడి చేతికిచ్చి ఊపించి, మళ్లీ పట్టేవాడు. ఒక చెట్టు కర్ర వంగినట్టు మరో చెట్టు కర్ర వంగదు. కాబట్టి నచ్చిన క్లబ్బు దొరికితే ప్రాణంలా చూసుకునేవాళ్లు. బాబీ జోన్స్ 1930లో ఒకే ఏడాది నాలుగు ప్రధాన టైటిళ్లూ గెలిచింది హికరీతోనే. చేతి అంచనాతో ఆయన ఏరుకున్న సెట్టుని ఆ తర్వాత యంత్రంతో పరీక్షిస్తే ఒక్కటి తప్ప అన్నీ జోడు కుదిరాయని, ఆ ఒక్క క్లబ్బుతోనే ఆయన ఎప్పుడూ అవస్థ పడేవాడని చెప్పుకుంటారు. కథకి కాస్త మెరుగు పెట్టి ఉండొచ్చు గానీ, నమ్మబుద్ధేస్తుంది.

ఉక్కు షాఫ్టుని అమెరికా గోల్ఫ్ సంఘం 1924లో ఒప్పుకుంది. స్కాట్లండ్‌లో ఆట నియమాలు చూసే సెయింట్ ఆండ్రూస్ పెద్దలు 1929 దాకా బెట్టు చేశారు. వేల్స్ యువరాజు వాళ్ల మైదానంలోనే ఉక్కు షాఫ్టులతో ఆడేశాక బెట్టు సడలిందంటారు. రాబోయే రాజుని తప్పుకొమ్మని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? 1931లో బిల్లీ బర్క్ ఉక్కుతో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ఒకే కొలతతో వేలకొద్దీ గొట్టాలు తీయడం ఫ్యాక్టరీకి చేతనైంది. కంపెనీ షాఫ్టు అనే సరుకు పుట్టింది అప్పుడే. ఆటగాడికి షాఫ్టు కుదర్చడం పోయి, ఉన్న షాఫ్టుకి ఆటగాడే కుదురుకోవడం మొదలైంది.

1969లో షేక్‌స్పియర్ అనే క్రీడాసామగ్రి కంపెనీలో ఫ్రాంక్ థామస్ గ్రాఫైట్ షాఫ్టు తయారుచేశాడు. 1972లో గే బ్రూవర్ జపాన్‌లో తైహేయో మాస్టర్స్‌ని గ్రాఫైట్ షాఫ్టుతో గెలిచేసరికి అందరూ అటు చూశారు. ఉక్కు కడ్డీ చుట్టూ జిగురు పట్టించిన కార్బన్ పొరలు చుట్టి, ఓవెన్‌లో కాల్చి, కడ్డీ లాగేస్తే షాఫ్టు మిగులుతుంది. నిలువు పొరలు వంపుని, ఏటవాలు పొరలు మెలికని అదుపు చేస్తాయి. ఒకే బరువున్న రెండు షాఫ్టులు కొసన ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా ఉండేట్టు చుట్టుకోవచ్చు. తొలి రోజుల్లో గ్రాఫైట్ షాఫ్టులు అతిగా మెలిపడేవి, అందుకే మేటి ఆటగాళ్లు చాలాకాలం ఉక్కునే పట్టుకు వేలాడారు. టైగర్ వుడ్స్ కూడా డ్రైవర్‌లో ఉక్కుని వదిలింది 2004 ప్రాంతంలోనే.

ఆ కాలానికి మన హైదరాబాద్ పడమటి శివారు ముఖమే మారిపోతోంది. 1998 నవంబర్ 22న వాజపేయి హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభించారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీఐఐసీతో కలిసి దుబాయ్ ఎమ్మార్ సంస్థ మణికొండ రాళ్లగుట్టల మధ్య బౌల్డర్ హిల్స్ కట్టింది, కోర్సు గీసింది పీటర్ హరడైన్.  అంతకుముందు కంటోన్మెంటు అధికారులది, పెద్ద కుటుంబాలది అయిన ఆట ఐటీ మేనేజర్ల చేతికొచ్చింది. నలభై దాటాక బ్యాటు పక్కనపెట్టి క్లబ్బు పట్టిన వీళ్లకి డ్రైవరు అమెరికా నుంచి వచ్చే బావమరిది సామాన్లలో వస్తుంది. హైదరాబాద్ మూలాలున్న గోల్ఫర్ సాహిత్ తీగల 2023లో కాలిఫోర్నియాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాక ఈ మోజు ఇంకాస్త పెరిగినా ఆశ్చర్యం లేదు.

షాఫ్టు మార్చడం సులువైంది కూడా ఈ మధ్యనే. పూర్వం మెడ దగ్గర వేడిచేసి, జిగురు కరిగించి, పాత షాఫ్టు పీకి, కొత్తది అతికించి రాత్రంతా ఆరబెట్టాలి. 2008లో సర్దుబాటు చేసుకునే డ్రైవర్ల మీద నిబంధనలు సడలాయి, 2009లో టేలర్‌మేడ్ ఆర్9 లాంటి డ్రైవర్లు మరతో వచ్చాయి. ఇప్పుడు ప్రాక్టీసు రేంజిలో కుర్రాడు చిన్న రెంచి పెట్టి తిప్పుతాడు, టక్కుమంటే బిగిసినట్టు. అరనిమిషంలో కొత్త షాఫ్టు. కాకపోతే ఒక కంపెనీ మర ఇంకో కంపెనీ తలకి పట్టదు.

మర వచ్చాక కంపెనీలూ తెలివిమీరాయి. 2019లో షాఫ్టుల కంపెనీ ఫుజికూరా తెచ్చిన వెంటస్ షాఫ్టు ప్రాణమంతా వెలోకోర్ అనే గట్టి కార్బన్ పొరల అమరికలో ఉంది. 2020లో టేలర్‌మేడ్ సిమ్ శ్రేణి డ్రైవర్లతో పాటు ఇచ్చిన వెంటస్‌కి అదే పేరు, చూపులకి అదే షాఫ్టు, లోపల మాత్రం వెలోకోర్ లేదు. విడిగా కొంటే అసలుదానికి అమెరికాలో అప్పట్లో 350 డాలర్లు. పింగ్ లాంటివాళ్లు సొంత పేరుతోనే షాఫ్టులిస్తారు, నాకు ఆ పద్ధతే నిజాయితీగా అనిపిస్తుంది. అలాగని కంపెనీ షాఫ్టుని చులకన చేయక్కర్లేదు. నిమిషానికో వేగంతో ఊపే మనలాంటివాళ్లకి కాస్త మెత్తటి కొస బంతిని గాల్లోకి లేపి మేలే చేస్తుంది.

ఆర్, ఎస్, ఎక్స్ అనే గట్టిదనపు గుర్తులకి ఉమ్మడి ప్రమాణమే లేదు. ఒకరి ఎస్ మరొకరి ఆర్ కన్నా మెత్తగా ఉండొచ్చు. కాబట్టి అక్షరం చూసి డబ్బు పెట్టడం వృథా. ముందు చూడాల్సినవి బరువు, పొడవు. దుకాణంలో డ్రైవర్ సాధారణంగా 45.5 అంగుళాలకి అటూఇటుగా ఉంటుంది, ఎందుకంటే పొడవుంటే దూరం వెళ్తుందని అమ్మడం తేలిక. టూర్ ఆటగాళ్లలో చాలామందివి అంతకన్నా పొట్టి. నన్నడిగితే, అంత డబ్బు పెట్టేముందు పిడి వైపు అరంగుళం కోయించి చూడమంటాను. స్వింగ్ వెయిట్, అంటే ఊపులో తల ఎంత బరువనిపిస్తుందో చెప్పే కొలత, మూడు పాయింట్లు పడిపోతుంది, దాన్ని పూడ్చడానికి తల కింద ఆరు గ్రాముల సీసం టేపు అంటిస్తే సరి, కొత్త గ్రిప్పు ఒకటి వేయించాలంతే.